ఓర్కు శబ్దమును రాక్షస శబ్దమును

కరీంనగరమున నాయొద్ద పూర్వము శబ్దమంజరి చదువుకొనిన శిష్యుడొకడు గత వేసవి సెలవులకు ఇంటికి వచ్చి నన్నొక మాట యడిగెను. అతడును మిత్రులును ఆడుకొను నొక విదేశపు టాటను తెలుగున నడుపదలచిరట. అందు ‘ఓర్కు’ అను ప్రాణి యున్నది. దానిని తెలుగున నేమనవలెను? నేను క్షణమైనను ఆలోచింపక ‘రాక్షసుడు’ అని చెప్పితిని. అతడు వ్రాసికొని పోయెను. ఆ రాత్రియే నా సమాధానము తప్పని తోచినది. వ్యాకరణము చెప్పి బ్రదికినవాడు ఒక శబ్దార్థమును తప్పుగా నొసగుట స్వల్పదోషము కాదు. కావున ఆ తప్పెట్టిదో ఇచట విచారించుచున్నాను.

ఆట స్వరూపము ఎఱుగనివారికై రెండు మాటలు. బల్లచుట్టును నలుగురైదుగురు కూర్చుందురు. ఒకడు సూత్రధారుడై కథ నడుపును. తక్కినవారు తలకొక పాత్రను వహించి, ఆ పాత్ర యేమి పలుకునో యేమి చేయునో తామే చెప్పుదురు. పూనిన పని నెఱవేఱునో లేదో యను సందేహము కలిగినచోట ఇరువది ముఖముల పాచిక నిర్ణయించును. మన యక్షగానమును పచ్చీసును కలిపినట్లుండును. అమెరికా దేశమున గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు 1974లో ప్రకటించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ తరగతి యాటలకు మూలపురుషుని వంటిది. దానికి శాస్త్రగ్రంథములు కలవు. వానిలో ఒకటి కేవలము భూతప్రేతాదుల కోశము. ఏ భూతమునకు ఎంత బలము, ఎట్టి రూపము, ఎట్టి శీలము అనునది అందు పట్టికలుగా నుండును. మనము విమర్శింపదగిన కావ్యము ఆ పట్టికయే.

ఓర్కు శబ్దము ఆటగాండ్రు కల్పించినది కాదు. ఆంగ్లేయుల ప్రాచీనకావ్యమగు ‘బేవుల్ఫ్’ నందు, సోదరుని జంపిన కెయిను వలన పుట్టిన దుష్టసత్త్వములను పేర్కొనుచోట, ఈ శబ్దముతో కూడిన బహువచనరూప మొకటి కనబడుచున్నది. అనగా మొదటనే అది పుట్టుకతో ముడివడిన శబ్దము. ఆ ప్రాచీనభాషకు ఆచార్యుడగు టోల్కీను పండితుడు 1954, 1955 సంవత్సరములలో వెలువడిన తన మహాకథయందు దానిని గ్రహించి ఒక సేనకే పేరుగా పెట్టెను. 1958లో వ్రాసిన యొక లేఖలో ఆయన వారిని పొట్టివారుగను, చప్పిడిముక్కువారుగను, మంగోలు జాతివారి ముఖచ్ఛాయను వికృతపఱచినట్టివారుగను వర్ణించెను. పండితుడు, సజ్జనుడు, అయినను ఆ వాక్యమున ఆయన దేశకాలముల మలినము అంటియున్నది. అయితే ఆయనను ఇంకొక ప్రశ్న బాధించినది. ఈశ్వరుని సృష్టిలో స్వభావముచేతనే ఉద్ధరింపరాని ప్రాణి యెట్లు కలుగును? దీనికి ఆయన పలుమార్లు పలువిధముల సమాధానము వ్రాసికొని, తుదివరకును ఒక నిశ్చయమునకు రాలేదు. ఆ సంశయమే ఆయన గౌరవమని నా తలంపు.

ఆట యందు ఆ సంశయము లేదు. 1977 నాటి భూతకోశమున ఓర్కునకు పందిమోర చిత్రింపబడినది. శీలమను గడిలో ‘దుష్టము’ అని వ్రాయబడినది. 1978 నాటి గ్రంథమున ఓర్కులకును మనుష్యులకును పుట్టిన సంకరపాత్రను ఆడవచ్చునని అనుమతించి, వానికి బలమున నొకటి హెచ్చించి, జనాకర్షణమున రెండు తగ్గించిరి. 2016లో ఓర్కునే పాత్రగా గ్రహించుటకు నియమములు చేసినపుడు బుద్ధిలో రెండు తగ్గించిరి. బుద్ధికి రెండు తక్కువ! వేదవేదాంగములు చదివిన రావణునకు ఈ పట్టిక చూపినచో ఏమనెడివాడో!

ఇక సూత్రధారులకై గైగాక్సు వ్రాసిన ప్రసిద్ధమగు కథాపటమొకటి కలదు. సరిహద్దు కోట, దాని సమీపమున గుహలు, గుహలలో ఓర్కులు. వారి గుహలో యోధులేకాక స్త్రీలును శిశువులును ఉన్నారని అందు వ్రాసియున్నది. ఆటగాండ్రు పాచిక విసరి పురుషులను గూల్చి ధనరాశిని సంచిలో వేసికొందురు. పిదప ఆ శిశువుల నేమి చేయవలెను? మా శిష్యుడు చెప్పినదానినిబట్టి, ఈ ప్రశ్నపై ఆటగాండ్రు దశాబ్దములుగా వాదులాడుచున్నారట. రచయిత లెక్క వ్రాసెనేకాని రసము వ్రాయలేదు. శిశువు కలదని చెప్పి శోకము లేదనుట కావ్యదోషము.

ఇచట నా శాస్త్రము కొంత పనికివచ్చును. శబ్దప్రవృత్తి నాలుగు విధములని పతంజలి మహర్షి యుపదేశము: జాతి, గుణము, క్రియ, యదృచ్ఛ. గోవనునది జాతిశబ్దము, శుక్లమనునది గుణశబ్దము. గోత్వము కలదు గనుక అది తెల్లనిదని యెవడును అనుమానింపడు. తెల్లగోవు, నల్లగోవు రెండును గోవులే. ఓర్కు శబ్దమునకు ఆటవారు చేసిన యన్యాయమిది: జాతిశబ్దము యొక్క గర్భమున గుణమును కుట్టిరి. మఱియు జాతి ఆకృతిచేత గ్రహింపబడునని భాష్యకారుడు చెప్పినాడు. అందుచేతనే ఆ పందిమోర. మోర చూడగానే జాతి తెలియవలెను. జాతి తెలియగానే క్రౌర్యము తెలియవలెను. క్రౌర్యము తెలియగానే కత్తి దూయవచ్చును. విచారణకు నడుమ చోటు లేదు.

రాక్షస శబ్దము అట్టిది కాదు. ‘రక్షస్’ శబ్దముపై ప్రజ్ఞాదిగణము ననుసరించి స్వార్థమున అణ్ప్రత్యయము రాగా రాక్షస శబ్దము సిద్ధించుచున్నది. అది అపత్యార్థకము కాదు. యాస్కుడు, ఎవనినుండి తన్ను రక్షించుకొనవలెనో వాడని యొక నిర్వచనమును, రహస్యమున హింసించువాడని వేఱొకటియు, రాత్రి సంచరించువాడని మఱియొకటియు చెప్పెను. మూడును క్రియను బట్టినవే. ఉత్తరకాండయందైతే, బ్రహ్మ జలములను సృజించి ప్రాణులను పిలిచినపుడు ‘రక్షింతుము’ అన్నవారు రాక్షసులైరని కథ. ధాతువు రక్షణార్థకమే! భయపెట్టువాని పేరును కాపాడువాని పేరును ఒకే ధాతువునుండి తీసిన భాష మనది.

దైత్య, దానవ శబ్దములు అపత్యార్థకములు కావా యని పండితు లాక్షేపింపవచ్చును. అగును. దితి సంతానము దైత్యులు, దనువు సంతానము దానవులు. కాని ఆ శబ్దములు తల్లిని తెలుపునే కాని శీలమును తెలుపవు. ప్రహ్లాదుడు దైత్యుడు. బలి దైత్యుడు. మా జిల్లావారికి దీనిని శాస్త్రముతో నిరూపింప బనిలేదు. ధర్మపురిలో గోదావరి యొడ్డున నరసింహస్వామిని దర్శించువారెల్లరును ఆ స్వామి ఎవని పిలుపునకు వచ్చెనో యెఱుగుదురు. స్వామిచే హతుడైనవాడును, స్వామిని పిలిచినవాడును ఒకే యింటివారు.

ఆకృతి విషయమున వాల్మీకి ఇంకను దూరము పోయినాడు. సుందరకాండమున హనుమంతుడు లంక చూచునపుడు విరూపులను చూచెను, సురూపులను చూచెను, స్వాధ్యాయనిరతులను చూచెను. పైగా వారు కామరూపులు. కోరిన రూపము తాల్చువానిని ఆకృతిచే నెట్లు గ్రహింతుము? ఒక్కమాఱు ఉపదేశించినచో తెలియునదియు జాతియే యను రెండవ లక్షణముచే నిర్వహింపవచ్చును. అట్లయినను అది జాతిని సాధించునేకాని దుష్టత్వమును సాధింపజాలదు.

మా వైపు చిందు యక్షగానము ఆడువారికి భాష్యము తెలియకపోవచ్చును; ఈ విషయము మాత్రము నాకంటె బాగుగా తెలియును. చెక్కపై అద్దములు పొదిగిన కిరీటము, భుజకీర్తులు రాజవేషమునకు ఎట్టివో హిరణ్యకశిపునకును అట్టివే. బాల్యమున ప్రహ్లాద కథ చూచితిని. తండ్రి కొడుకును దండింపబోవునప్పుడు లీలావతి అడ్డుపడి యేడ్చును. ఆ యేడ్పునకు హిరణ్యకశిపుడు క్షణకాలము ముఖము త్రిప్పుకొనెను. ఆ ముఖము త్రిప్పుకొనుట ఏ గ్రంథమున నున్నదో నేను వెదకలేదు, వెదకను కూడ. రంగనాథరామాయణమున వాల్మీకమున లేని సులోచన కథ చేరినదన్న, ఇంద్రజిత్తు చచ్చుటతో తెలుగు శ్రోతకు తృప్తి కలుగలేదనియే యర్థము. వాని భార్య యేమైనదో తెలిసికొనవలెనని కోరిక. శత్రువును శత్రువుగానే యుంచి, వానికి ఇల్లును ఇల్లాలిని ఇచ్చినారు మన కవులు.

ఇంతవఱకు వ్రాసి నిలిపినచో ఆత్మస్తుతి యగును. మనమును క్రమముగా రాక్షసుని ఓర్కుగా మార్చుచున్నాము. బాలుర పుస్తకములలోని బొమ్మలు చూడుడు: నల్లనిమేను, కొమ్ములు, కోఱలు, చేత గద. నేను ఆదిలాబాదు ప్రాంతమున కొంతకాలము బోధించితిని. అరణ్యకాండ కథ చెప్పుచు, దండకారణ్యమున రాక్షసులుండిరనియు, అది మన గోదావరి తీరపు అడవులే యని పెద్దలందురనియు ఉత్సాహముతో చెప్పితిని. వెనుకవరుసలో కూర్చున్న గోండు బాలుడు లేచి, “సార్, మా తాతలు గా అడవిలనే ఉన్నరు గదా. మరి మేమెవరం?” అని యడిగెను. తరగతి నవ్వినది. నేనును నవ్వితినని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను. తాము కోయతూరులమని చెప్పుకొను ఆ జనులకు కేస్లాపూరున నాగోబా జాతరయు, దీపావళికి దండారియు, నెమలియీకల తలపాగలతో గుస్సాడి నృత్యమును కలవు. ఆ నృత్యమునకు మార్లవాయి కనకరాజు గారు 2021లో పద్మశ్రీ పొందిరి. ప్రాణహిత కావలియొడ్డున, గడ్చిరోలి ప్రాంతపు గోండులలో కొందఱు దసరానాడు రావణుని పూజింతురు. తక్కినవారు కాల్చుచున్న బొమ్మను వారు పూజించుట మనకు వింత. మన బొమ్మ వారికెట్లు తోచునో మనమడుగలేదు.

మఱల ఆటకు వత్తము. ఆ భూతకోశములో మన రాక్షసుడు కూడ నున్నాడు! 1977 నుండి అతనికి పులితల పెట్టిరి. అరచేతులు వెనుకకు తిరిగియుండునట. ఇది ఏ పురాణమున నున్నదని యడుగనక్కఱ లేదు. కామరూపికి ఒకే యాకృతి నిచ్చిన పిదప తక్కినదంతయు వివరము మాత్రమే.

ఆటను ప్రకటించు సంస్థ 2020లో తన పూర్వగ్రంథములందలి ఓర్కుల వర్ణనము, లోకమున కొన్ని మానవజాతులను నిందించిన రీతిని తలపించుచున్నదని యొప్పుకొనెను. బుద్ధికి తగ్గించిన రెండును మఱల నిచ్చిరి. 2024 నాటి గ్రంథమున ఓర్కు మానవునివలెనే ఎవడైనను ధరింపదగిన పాత్ర. 2025లో వెలువడిన భూతకోశమున ఓర్కుల పట్టికయే లేదు. జాతిశబ్దమునుండి గుణమును విప్పుట వ్యాకరణసమ్మతము; దానిని నేను మెచ్చుకొందును. కాని పట్టికను తీసివేయుటతో కథ రాలేదు. పూర్వము ఓర్కునకు క్రౌర్యము మాత్రముండెను; ఇపుడు అదియును లేదు. ఇల్లు ఇంకను కట్టలేదు. హిరణ్యకశిపుని నాటకమునుండి తొలగించినచో ప్రహ్లాదుడు ఎవని యెదుట నిలుచును? క్రూరుడు కావచ్చును, జాతిచే గాక తన క్రియచే క్రూరుడు కావలెను. పట్టికకు సాధ్యము కాని యీ పనిని సూత్రధారుడు చేయగలడు.

శిష్యునకు ఉత్తరము వ్రాసితిని. ‘ఓర్కును ఓర్కనియే పిలువుము, యదృచ్ఛాశబ్దముగా నుండనిమ్ము, రాక్షస శబ్దమును తిరిగి నాకిమ్ము’ అని. నెల దినములకు ప్రత్యుత్తరము వచ్చినది. ఆ గుహల కథనే వారు తెలుగున ఆడిరట. యోధులు పడిన పిదప, లోపలి గదిలో నొక ముసలి ఓర్కుస్త్రీ కూర్చుండి, పడినవారి పేర్లు ఒక్కొక్కటిగా చెప్పుచున్నట్లు ఇతడు కల్పించెనట. ఆటగాండ్రలో నొకడు పాచిక చేతబట్టి, విసరక, చాలసేపు అట్లే యుండి, “ఇప్పుడేం జేద్దాం?” అని తక్కినవారి నడిగెనట. ఆ రాత్రి ఆట అంతటితో నిలిచినది. వచ్చు ఆదివారము మఱల కూర్చుందురట.