‘ఓకే సార్’ పాలన
2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. నూజివీడు వైపు చాట్రాయి మామిడి రైతులాంటివాళ్లు ధ్రువపత్రం కోసం ఆఫీసుల చుట్టూ తిరగకుండా చేయడం దాని ఉద్దేశం. మంచిదే. అదే వాట్సాప్ ఆఫీసు లోపల చేస్తున్న పని మీదే నా అభ్యంతరం. గుమాస్తా విద్యల్లో పెద్దది నోట్ ఫైలు రాయడం. అర్జీ ఏమిటి, రూలు ఏమంటోంది, తన సిఫారసు ఏమిటి అని రాసి సంతకం పెట్టాలి. కాదనే పై అధికారి కారణమూ అక్కడే రాయాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద రైతు ఆ కాగితాన్ని అడిగి తీసుకోవచ్చు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఈ క్రమమేదీ ఉండదు. పైనుంచి మెసేజ్, కిందినుంచి ‘ఓకే సార్’, సాయంత్రానికి ఒక ఫొటో.

పంట వివరాలను ఆన్‌లైన్‌లో ఎక్కించే ఈ-క్రాప్ నమోదే చూడండి. సిబ్బంది తోటకు వెళ్లి ఫొటో తీయాలి, రైతు ఈ-కేవైసీ చేయించుకోవాలి. నూజివీడు వైపు తోట ఒకరిది, కాపు కొన్న వ్యాపారి ఇంకొకరు కావడం మామూలే. ఈదురుగాలికి బంగినపల్లి కాయ రాలితే నష్టం ఎవరిది? 2019 సాగుదారు హక్కుల చట్టం కింద సాగుదారు పత్రం రావాలన్నా భూయజమాని ఒప్పుకోవాలి. ఇలాంటి చిక్కును నాలుగు వాక్యాల్లో తర్కించి రాసేవాడు కావాలి. గ్రూపులో వచ్చే ప్రశ్న మాత్రం ఒకటే: మీ మండలం ఎంత శాతం? శాతం పెరగడానికి తోటవైపు కంటే సెల్‌వైపు చూడటమే తేలిక.

కాగితాల కాలమేమన్నా స్వర్ణయుగమా అంటారు. కాదు. రికార్డంతా కరణం గుప్పిట్లో ఉన్న రోజులను, 1984లో ఆ పదవే రద్దు కావడాన్ని మరిచిపోయినవాళ్లే అది స్వర్ణయుగమని మురిసిపోతారు. 2011లో వచ్చిన మీ సేవ కౌంటర్ల మేలూ కాదనలేం. గాలివాన ముంచుకొస్తుంటే ఫైలు నడుపుతూ కూర్చోవాలా అన్నదీ న్యాయమైన ప్రశ్నే. హెచ్చరిక గ్రూపులోనే వెళ్లాలి. పరిహారం జాబితాలోంచి ఒక పేరు తీసెయ్యమన్న మాట మాత్రం అలా వెళ్లకూడదు. అత్యవసరంగా చెప్పినా, ఆ మాటను కారణంతో సహా ఆ రోజే ఈ-ఆఫీసు ఫైలులోకి ఎక్కించాలి. సమాచార హక్కు చట్టం చెప్పే సమాచారంలో ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్నదీ భాగమే. కానీ సెల్ మాత్రం అధికారి సొంతం, బదిలీ అయితే అదీ ఆయన వెంటే పోతుంది. 2022 ఏప్రిల్ 4న నూజివీడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. అలాంటప్పుడు ఏ ఫైలు ఏ కలెక్టరేట్‌కు చేరాలో నిర్ణయించవచ్చు, చేరకపోతే నిలదీయవచ్చు. గ్రూపులో చెప్పి అమలు చేయించిన మాటను ఏ ఆఫీసుకు వెళ్లి అడగాలి?