ముసుగు కింద ముఖం

“మూలానికి విధేయంగా ఉందా?” అని అనుసరణలను చూసి మొదట అడుగుతాం. మూలంలో దేనికి విధేయంగా అన్నది నా ప్రశ్న.

ఆలన్ మూర్ రాయగా డేవ్ గిబ్బన్స్ బొమ్మలు గీసిన ‘వాచ్‌మెన్’ 1986-87లో వెలువడింది. అందులో హుడెడ్ జస్టిస్ ముసుగు వేసుకుని, మెడలో ఉరితాడుతో నేరస్తులను శిక్షిస్తాడు. అతనెవరో కథ తేల్చదు. జర్మన్ సర్కస్ వస్తాదేమోనన్న అనుమానం మాత్రం మిగులుస్తుంది.

2019లో హెచ్‌బీవో ఆ కథను టెలివిజన్‌లో కొనసాగిస్తూ, ఆ ముసుగు కింద ఒక నల్లజాతి పోలీసును నిలిపింది. యువకుడిగా జోవన్ అడేపో, వృద్ధుడిగా లూయీ గాసెట్ జూనియర్ నటించారు. 1921 టల్సా మారణకాండలో బతికి బయటపడ్డ పిల్లవాడే అతను. తోటి తెల్ల పోలీసులు అతన్ని చెట్టుకు ఉరివేసి, ప్రాణం పోకముందే దించి బెదిరించారు. ఆ తాడే వేషమైంది. తెల్లవాడనుకోవాలని ముసుగులోపల కళ్లచుట్టూ తెల్లరంగు పూసుకుంటాడు.

ఇది బొమ్మల్లో లేదని ఆక్షేపించవచ్చు. ఉరితాడు మాత్రం బొమ్మల్లోదే. అమెరికాలో అది ఎవరి మెడలకు బిగిసిందో చరిత్ర చెబుతుంది. మూలం వేషంగా వదిలేసినదాన్ని ఈ పాత్రధారణ సాక్ష్యంగా మార్చింది. నటుడి రంగు మార్చినంత మాత్రాన దృక్పథం మారదు. ఇక్కడ ఆ ఎంపికను చరిత్ర నిలబెట్టింది. పాఠం చెప్పేవాణ్ణి గనుక దీన్ని నేను ద్రోహమనను, శ్రద్ధగా చదవడమంటాను.