మట్టలు కాలితేనే విభూది

విభూది బుధవారం నాడు గురువు మన నుదుట పెట్టే బూడిద కిందటేడు మట్టల ఆదివారం నాడు ఆశీర్వదించిన ఆకులదే అయి ఉండాలని రోమను పూజాగ్రంథం చెబుతుంది. మట్టల ఆదివారం నాడు మన ఊళ్లలో కొబ్బరి, ఈత, తాటి మట్టలు పట్టుకుని పాడుకుంటూ గుడికి వెళ్తారు. ఇంటికి తెచ్చిన ఆకును కొందరు సిలువలా అల్లి గుమ్మానికి గుచ్చుతారు. ఏడాదంతా అది అక్కడే ఎండుతుంది. విభూది బుధవారంతో మొదలయ్యే తపస్కాలం దగ్గరపడ్డాక తిరిగి గుడికి చేరుతుంది.

కాల్చడంలో పనితనం ఉంది. ఆకు సరిగా ఎండకపోతే పొగే తప్ప బూడిద రాదు. మరీ కాలితే తెల్లబడి, నుదుట గుర్తు ఆనదు. నల్లగా మాడగానే మంట ఆర్పి, ఈనెలు ఏరేసి, మెత్తగా నలిపి పల్చటి గుడ్డతో జల్లించాలి. నీళ్లు ఎక్కువ కలపకూడదు. బూడిదకు క్షారగుణం ఉంది, తడిగా ఎక్కువసేపు ఉంటే చర్మం మండుతుంది. పొడి విభూది మీద తీర్థజలం చిలకరిస్తే చాలు.

తొలి రోజుల్లో ఈ బూడిద నలుగురి ముందు ప్రాయశ్చిత్తం చేసేవాళ్లకే. 1091లో బెనెవెంతోలో జరిగిన క్రైస్తవ మతసభ దీన్ని విశ్వాసులందరికీ వర్తింపజేసింది. ఈ ఆచారం గొప్పతనమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఘోరపాపం చేశాడని ఒకణ్ణి పక్కన నిలబెట్టడం పోయి, అందరూ ఒకే వరుసలోకి వచ్చారు. రోమ్‌లో సాంత సబీనా గుడిలో పోపు కూడా తలవంచి బూడిద వేయించుకుంటారు. ఇటలీలో నడినెత్తిన చల్లుతారు, మన దగ్గర నుదుట సిలువ గీస్తారు. మట్టినుంచి వచ్చామని గుర్తుచేసే మాట గానీ, మారుమనసు పొందమనే మాట గానీ ఒక్కొక్కరికీ విడిగా చెబుతారు. 2021లో కోవిడ్ వల్ల ఆ మాట అందరికీ కలిపి ఒక్కసారే చెప్పి, మౌనంగా తలమీద చల్లమని వాటికన్ సూచించింది.

విభూది బుధవారం నాడు 18 నుంచి 59 ఏళ్ల వాళ్లు ఉపవాసం ఉంటారు. ఒక పూట కడుపునిండా తిని, మిగతా రెండు పూటలూ కొద్దిగా తినొచ్చు. 14 ఏళ్లు నిండినవాళ్లు మాంసం ముట్టరు.

అదే పూజలో చదివే సువిశేషం మత్తయి ఆరో అధ్యాయంలోది. దానం, ప్రార్థన, ఉపవాసం నలుగురికీ చూపించుకోవడానికి చేయొద్దనీ, ఉపవాసమున్నా ముఖం కడుక్కోమనీ అందులో యేసు చెబుతారు. అది విన్న కాసేపటికే నుదుట నల్లటి గుర్తు! ఈ రెంటికీ పొసగదని కొందరంటారు. నాకలా అనిపించదు. ఆ గుర్తు మన భక్తికి ఇచ్చిన బిరుదు కాదు, తప్పు ఒప్పుకున్నామన్న ఆనవాలు. గుడి బయటికి వచ్చాక తుడుచుకున్నా తప్పులేదు, సాయంత్రం దాకా ఉంచుకున్నా తప్పులేదు. ఆ రోజు మానేసిన కూర ఖరీదు మాత్రం ఆకలితో ఉన్నవాళ్లకు చేరాలి. ఆ పని ఎవరికీ కనిపించకుండా చేయొచ్చు.