మాట కంటే ముందు అక్షరం

1980 ప్రాంతంలో ఇంగ్లండ్ దక్షిణ తీరాన ఉన్న పోర్ట్స్‌మత్ పాలిటెక్నిక్‌కి ఒక తండ్రి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆయన పేరు లెస్లీ డఫెన్. కూతురికి డౌన్ సిండ్రోమ్. మూడేళ్ల వయసు నుంచే ఆ పాపకు మాటల్ని కార్డుల మీద రాసి చూపిస్తూ చదవడం నేర్పానని ఆయన రాశాడు. చెవిన పడ్డ మాటల కంటే కంటపడ్డ మాటలే ఆమెకు త్వరగా పట్టుబడ్డాయట. ముందు చదివిన మాటలే తర్వాత నోటికి వచ్చాయట. ఆ ఉత్తరం అందుకున్న స్యూ బక్లీ సైకాలజిస్టు. ఆమె దత్తత తీసుకున్న కూతురికీ డౌన్ సిండ్రోమ్ ఉంది.

ఆ కబురు అప్పట్లో ఎంత వింతగా తోచి ఉంటుందో తెలియాలంటే ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి. ఇంగ్లండులో 1971 ఏప్రిల్ దాకా ఇలాంటి పిల్లల్లో చాలామందిని చదువు చెప్పడానికి వీల్లేనివాళ్లని తేల్చి బడికి బయటే ఉంచేవారు. 1970లో చేసిన చట్టంతో గానీ ఆ ముద్ర పోలేదు. అంతకు ముందే, 1967లో, డౌన్ సిండ్రోమ్ ఉన్న నైజెల్ హంట్ అనే యువకుడు తన కథను తానే టైపు చేసుకుని పుస్తకంగా తెచ్చాడు. అతనికి చదవడం నేర్పింది కన్నతల్లి. ఇలాంటివి ఎక్కడో నూటికో కోటికో ఒకరికి సాధ్యమని సరిపెట్టుకోవడం తేలిక. బక్లీ అలా సరిపెట్టుకోలేదు. ఆమె బృందం ఇంకా బడి ఈడు రాని పిల్లల ఇళ్లకే వెళ్లి, తల్లుల పక్కన కూర్చుని, కార్డులతో పని మొదలుపెట్టింది. తర్వాత పోర్ట్స్‌మత్‌లో వెలిసిన కేంద్రానికి ఆ తండ్రి కూతురి పేరే పెట్టారు.

21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉండటమే డౌన్ సిండ్రోమ్‌కి కారణమని 1959లో పారిస్‌లో తేలింది. అయితే ఆ బిడ్డ ఎలా నేర్చుకుంటుందో తెలుసుకోవాలంటే చూడాల్సింది సూక్ష్మదర్శినిలో కాదు, బిడ్డ పక్కన కూర్చునే వాళ్ల అనుభవంలో. ఈ పిల్లలకు అర్థమయ్యేది ఎక్కువ, పలకగలిగేది తక్కువ. దానికి కారణాలు చాలా ఉన్నాయి. నోటి కండరాల్లో బిగువు తక్కువ. చెవి నాళం సన్నం. మధ్య చెవిలో నీరు చేరడం చాలా మామూలు, దాంతో మాటలు ఒకరోజు తేటగా, మరోరోజు దూరం నుంచి వచ్చినట్టుగా వినిపిస్తాయి. వీటికి తోడు, విన్నదాన్ని కొన్ని క్షణాలు మనసులో నిలుపుకునే శక్తి బలహీనం. 1997లో బ్రిటన్‌లో క్రిస్ జారాల్డ్, ఆలన్ బ్యాడ్లీ దీన్ని పరీక్షించి చూశారు. విన్న అంకెల్ని అదే వరసలో తిరిగి చెప్పడంలో వెనకబడినవాళ్లే, ఎదురుగా తట్టి చూపించిన దిమ్మెల్ని అదే వరసలో తట్టడంలో తమ స్థాయి తోటివాళ్లతో సమానంగా నిలిచారు.

డఫెన్ ఇంట్లో జరిగిందేమిటో ఇక్కడ అర్థమవుతుంది. నోటి మాట వినిపించీ వినిపించకముందే గాలిలో కలిసిపోతుంది. కార్డు మీది మాట బిడ్డ చూసినంతసేపూ అక్కడే ఉంటుంది.

మంచి స్పీచ్ థెరపిస్టు పనిచేస్తుంటే కాసేపు గమనించాలి. బల్ల మీద రెండు కార్డులు, ఒకదాని మీద ‘అమ్మ’, రెండోదాని మీద ‘బంతి’. బిడ్డ చేతికి ‘బంతి’ అని రాసిన మూడో కార్డు ఇస్తుంది. దాన్ని తీసుకెళ్లి అలాంటిదాని మీదే పెట్టాలి, అంతే. కొన్నాళ్లకు "బంతి ఏదమ్మా?" అని అడుగుతుంది, బిడ్డ ఏరి ఇస్తుంది. చివరి మెట్టు మీద మాత్రమే "ఇదేమిటి?" అన్న ప్రశ్న. ముందు జతచేయడం, తర్వాత ఎంచుకోవడం, ఆ తర్వాతే పలకడం. మొదటి రెండు మెట్లకీ నోరు తెరవాల్సిన పనే లేదు. ఒక్క మాటా పలకని బిడ్డ కూడా తనకు చదవడం వచ్చని చేత్తో చూపించగలదు. మాటలు వచ్చాక చదువు చూద్దామని వాయిదా వేసే పెద్దలంతా ఈ ఒక్క సంగతి తెలుసుకోవాలని ఈ కాలమ్ కోరిక.

బిడ్డ చేయి తప్పు కార్డు వైపు వెళ్తుంటే థెరపిస్టు ముందే మణికట్టు దగ్గర మెల్లగా తాకి సరైన వైపు మళ్లిస్తుంది. తప్పు చేయనిచ్చి దిద్దడం ఇక్కడ పద్ధతి కాదు. ఎడిన్‌బరోలో జెన్నిఫర్ విషార్ట్ ఏళ్ల తరబడి ఈ పిల్లల్ని పరిశీలించి ఒక విషయం గుర్తించింది. పని కష్టమనిపించగానే వీళ్లలో చాలామంది చాకచక్యంగా తప్పించుకుంటారు. నవ్వుతారు, చప్పట్లు కొడతారు, ఎదుటివాళ్లను మురిపించి దృష్టి మళ్లిస్తారు. ఒక్కోసారి నిన్న వచ్చిన పని కూడా ఇవాళ రానట్టే ఉంటారు. తెలియనివాళ్లు దాన్ని మొండితనమంటారు, లేదా ముద్దు చేసి వదిలేస్తారు. తెలిసినవాళ్లు మాత్రం పనిని ఇంకా చిన్న ముక్కలు చేసి, ప్రతి ముక్కనూ గెలుపుతోనే ముగిస్తారు.

ఇంకో నైపుణ్యం పైకి కనిపించదు. అది ఆగడం. ఇళ్లలో "ఇదేంటి నాన్నా? చెప్పు... చెప్పమ్మా... బంతి కదూ?" అని గుక్క తిప్పుకోకుండా అడుగుతాం. అడిగిన ప్రతిసారీ కొత్త మాటలు పడి, బిడ్డ మనసులో అప్పటిదాకా కూడబెట్టుకున్నది చెదిరిపోతుంది. థెరపిస్టు ఒక్కసారి అడిగి, బిడ్డ ముఖం చూస్తూ నోరు మూసుకుంటుంది. గదిలో ఆ నిశ్శబ్దం తల్లికి భరించలేనంత పొడవుగా అనిపిస్తుంది. జవాబు తరచుగా ఆ పొడవు చివరే ఉంటుంది.

సైగల విషయంలో మన ఇళ్లలో ఒక భయం ఉంది. చేతులతో చెప్పడం అలవాటైతే ఇక నోరు పెగలదేమోనని. బ్రిటన్‌లో మార్గరెట్ వాకర్ 1970లలో రూపొందించిన మకటాన్ పద్ధతిలో ముఖ్యమైన మాటను పలుకుతూనే దానికి తగ్గ సైగ చేస్తారు. నోట మాట కుదురుకునే కొద్దీ పిల్లలు ఆ సైగను తమంతట తామే వదిలేయడం అక్కడ థెరపిస్టులందరికీ తెలిసిన విషయమే. నిజానికి తెలుగు అమ్మమ్మలకు ఇది కొత్త విద్యేమీ కాదు. చందమామను చేయూపి పిలవడం, తారంగం ఆడించడం, బువ్వ అంటూ వేళ్లు నోటి దగ్గరికి తేవడం, టాటా చెప్పించడం, ఇవన్నీ మాటనూ చేతినీ కలిపి నేర్పడమే. ఏడాది దాటగానే మిగతా పిల్లలతో మానేసే ఈ ఆటల్ని ఈ బిడ్డతో ఇంకా రెండు మూడేళ్లు సాగదీయాలి.

అక్షరం దారి కావాలంటే కన్ను కూడా సహకరించాలి కదా. కార్డిఫ్ విశ్వవిద్యాలయంలో మార్గరెట్ వుడ్‌హౌస్ బృందం చాలా ఏళ్లుగా చేసిన పనిలో తేలిందేమిటంటే, ఈ పిల్లల్లో ఎక్కువమందికి దగ్గరి వస్తువు మీద చూపు సరిగా కుదరదు. బైఫోకల్ అద్దాలు పెడితే పుస్తకం తేటపడుతుంది. కార్డు వంక చూడటం లేదని బిడ్డను కసిరే ముందు కంటి డాక్టరుకు ఒకసారి చూపించాలి. చెవి పరీక్ష సంగతి చెప్పనే అక్కర్లేదు. ఏడాదికోసారైనా వినికిడి చూపించకుండా థెరపీ నడిపితే సగం కష్టం వృథా.

ఇదంతా గట్టిగా పరీక్షకు నిలిచిందా? 2012లో కెల్లీ బర్గోయిన్, స్యూ బక్లీ, మార్గరెట్ స్నోలింగ్, చార్ల్స్ హ్యూమ్ తదితరులు ఫలితాలు ప్రచురించారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న 57 మంది బడిపిల్లల్ని రెండు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు ముందుగా, రెండో గుంపుకు 20 వారాల తర్వాత, బడిలోని సహాయక టీచర్లే రోజూ 40 నిమిషాలు చదువూ భాషా కలిపి నేర్పారు. ముందుగా మొదలుపెట్టిన పిల్లలు మాటలు చదవడంలో, అక్షరాల శబ్దాలు గుర్తించడంలో, శబ్దాలు కలపడంలో, నేర్పిన మాటల్ని వాడటంలో ముందుకెళ్లారు. కానీ ఆ మేలు నేర్పని మాటలకు పాకలేదు. ఈ రెండో సంగతిని దాచి మొదటిదే చెప్పేవాళ్లంటే నమ్మకం కుదరదు. ఈ పిల్లలకు ఒకటి నేర్పితే పది వాటంతటవే వస్తాయని ఆశించకూడదు, ఆ పదీ నేర్పాలి. చిన్న వయసులో మొదలుపెట్టినవాళ్లూ, ఎక్కువ రోజులు క్లాసుకు కూర్చున్నవాళ్లూ ఎక్కువ లాభపడ్డారు. నేర్పినవాళ్లు పెద్ద నిపుణులేం కాదు, నిపుణులు శిక్షణ ఇచ్చిన మామూలు సహాయకులు. మన ఊళ్లకు పనికొచ్చే మాట ఇదే.

అయితే ఇంగ్లిషు కార్డుల్ని తెలుగులోకి దించుకుంటే సరిపోదు. మన భాషలో ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్నవి మాట చివర్లో అతుక్కుని ఉంటాయి. వచ్చాడు, వచ్చింది, వచ్చారు... తేడా అంతా ఆ తోకలోనే, మాట్లాడేటప్పుడు అందరం త్వరగా మింగేసేదీ ఆ తోకనే. వినికిడి మందగించిన బిడ్డకు ముందుగా జారిపోయేది అదే. పైగా ‘ఇల్లు’కి ‘లో’ చేరితే ‘ఇంట్లో’ అవుతుంది, ‘చెయ్యి’ కాస్తా ‘చేతిలో’ అవుతుంది. అందుకని మొదట మాట మారని వాటిని ఎంచుకోవడం మేలు. సంచి, సంచిలో. పెట్టె, పెట్టెలో. ‘లో’ని వేరే రంగులో రాసి, బంతిని నిజంగా పెట్టెలో వేసి చూపిస్తే, చెవికి అందని తోక కంటికి అందుతుంది. ఇల్లు, చెయ్యి తర్వాత. అలాగే అ ఆలతో మొదలుపెట్టి, గుణింతాలన్నీ వచ్చేదాకా ఒక్క మాటా చదవనివ్వని బడి అలవాటు ఈ పిల్లలకు శిక్షే అవుతుంది. ‘అమ్మ’, ‘నాన్న’, తన పేరు ముందు రావాలి. ఒక యాభై మాటలు కంటికి అలవాటయ్యాక వాటిలోంచే అక్షరాలు ఏరుకోవచ్చు.

మనకు మనుషులు లేకపోలేదు. స్పెషల్ టీచర్లను తయారుచేసే జాతీయ సంస్థ 1984 నుంచి సికింద్రాబాద్‌లో ఉంది, ఇప్పుడు దాని పేరు ఎన్ఐఈపీఐడీ. స్పీచ్ థెరపీ నేర్పే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ అది ఉన్న మనోవికాస్ నగర్‌లోనే. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు, వాటిలో ఐఈఆర్‌పీలనే ప్రత్యేక టీచర్లు ఉన్నారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుకతోనే గుర్తించే లోపాల జాబితాలో డౌన్ సిండ్రోమ్‌ని చేర్చింది, 18 ఏళ్ల దాకా చూడమంది. జిల్లా సత్వర చికిత్సా కేంద్రాల్లో స్పీచ్ థెరపిస్టు ఉండాలని దాని మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఆ కుర్చీ ఖాళీగా ఉంటే జిల్లాలో తల్లిదండ్రులు గట్టిగా అడగాలి, అడిగే హక్కు వాళ్లకుంది.

ఆ 18 ఏళ్ల అంకెను ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. యుక్తవయసు రాగానే ఈ పిల్లల్లో భాష ఎదగడం ఆగిపోతుందని పూర్వం అనుకునేవారు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రాబిన్ చాప్‌మన్ బృందం 5 నుంచి 20 ఏళ్ల వయసు వాళ్లను ఆరేళ్లపాటు వెంట ఉండి గమనిస్తే, వాక్యాలు పెంచి మాట్లాడటం ఆ వయసులోనూ సాగుతూనే ఉందని తేలింది. కానీ మన దగ్గర చాలా ఇళ్లలో ఏడెనిమిదేళ్లకే థెరపీ ఆగిపోతుంది. దూరం ఒక కారణం, ఖర్చు ఇంకొకటి, విసుగు మరొకటి. తరగతి మారినప్పుడల్లా కొత్త టీచరు మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టడం ఆ విసుగుని ఇంకా పెంచుతుంది. దీనికి కావాల్సింది ఒక నోటుపుస్తకం. బిడ్డ ఏ మాటలు చదవగలదు, ఏవి పలకగలదు, ఏ సైగలు వాడుతుంది, వినికిడి ఎప్పుడు చూశారు, ఏ ‘తోక’ దగ్గర ఆగింది, అన్నీ తేదీలతో అందులో ఉండాలి. భవిత కేంద్రంలో మొదలైన ఆ పుస్తకం హైస్కూలు టీచరు చేతికీ, జిల్లా ఆసుపత్రి థెరపిస్టు బల్ల మీదికీ బిడ్డతో పాటే వెళ్లాలి, ఒక నకలు అమ్మ దగ్గర ఉండాలి.