శత్రువు ఎవరికి కావాలి?

గూఢచారి సినిమా అంటే మనకు అలవాటైన లెక్క ఒకటుంది. హద్దు దాటి పోయినవాడు వీరుడు, అవతలివాడు రాక్షసుడు, చూసేవాళ్లం చప్పట్లు కొట్టాలి. దక్షిణ కొరియా దర్శకుడు యూన్ జాంగ్-బిన్ 2018లో తీసిన ‘ద స్పై గాన్ నార్త్’ ఈ లెక్కను తిరగేసింది. ఇందులో ఫైటింగులకు చోటు లేదు. అంతా మాటలూ, బేరాలూ, అనుమానాలే. నిదానంగా ఉడుకుతుంది. అందుకే దీన్ని తీరిగ్గా చర్చించాలంటున్నాం.

‘బ్లాక్ వీనస్’ అనే మారుపేరుతో 1990లలో పనిచేసిన నిజమైన ఏజెంటు అనుభవాలే కథకు ఆధారం. సినిమాలో అతను వ్యాపారి వేషంలో బీజింగు చేరతాడు. ఉత్తర కొరియా అధికారి రి మ్యాంగ్-ఉన్ నమ్మకం సంపాదిస్తాడు. పైకి చెప్పేది వ్యాపార ప్రకటనల షూటింగు, అసలు పని అణుబాంబు గుట్టు లాగడం. ఆఖరికి కిమ్ జాంగ్-ఇల్ ఎదుటికే పోతాడు.

అసలు దెబ్బ తర్వాత తగులుతుంది. 1997 అధ్యక్ష ఎన్నికల్లో ప్రతిపక్ష నాయకుడు కిమ్ డే-జంగ్ గెలవకూడదు. అందుకని ఇతని సొంత సంస్థ పెద్దలే శత్రువు దగ్గర కూచుని, సరిహద్దులో అలజడి చెయ్యండి, డబ్బిస్తాం అంటారు. జనం భయపడితే ఓట్లు పాలకపక్షానికి పడతాయి గదా! శత్రుత్వం రెండు రాజ్యాల ఉమ్మడి వ్యాపారమని ఇంత సూటిగా చెప్పిన సినిమాలు తక్కువ.

ఇంతవరకు సినిమాతో మాకు పేచీ లేదు. పేచీ ఆ తర్వాతే. కిమ్ డే-జంగ్‌కు ‘ఎర్రవాడు’ అనే ముద్ర అంత తేలిగ్గా ఎట్లా అంటుకుంది? ఆయన జొల్లా ప్రాంతం మనిషి. పాలకులు దశాబ్దాల పాటు వెనక్కి నెట్టిన ప్రాంతమది. 1980లో సైన్యం జనాన్ని కాల్చి చంపిన గ్వాంగ్జు అక్కడిదే. బయటి శత్రువు పేరు చెప్పి లోపలివాణ్ణి అణిచే ఈ చరిత్రను సినిమా తడిమి వదిలేస్తుంది.

ఉత్తరాన కరువు కూడా అంతే. సంతలో శవాలు, ఆకలిగొన్న పిల్లలు తెర మీదికొస్తారు. గూఢచారి మనసు కరగడానికి వాళ్లు పనికొచ్చారు. అంతే, మాట్లాడరు. ఆ దేశంలో ‘సొంగ్‌బున్’ అనే పద్ధతి ఉంది. తాత ముత్తాతలు ఎవరో చూసి మనుషుల్ని నమ్మదగినవాళ్లు, ఊగిసలాడేవాళ్లు, శత్రువులు అని విడగొడతారు. ఎక్కడ బతకాలి, ఏం చదవాలి, ఏ పని దొరకాలి అన్నది దాన్ని బట్టే. 2014లో ఐక్యరాజ్యసమితి విచారణ సంఘం దీన్ని వివరంగా రికార్డు చేసింది. పుట్టుకను బట్టి మనిషికి వెల కట్టడమంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కాబట్టి మేం అడుగుతున్నాం: ఆ శవాలు ఎవరి ఇళ్లవి?

చివర్లో ఇద్దరు మిత్రులు, ఒకరు గడియారం, ఒకరు టై పిన్ను దూరం నుంచే చూపించుకుంటారు. మాకూ కళ్లు చెమర్చాయి. కానీ హద్దుకు ఇరువైపులా ఉన్న ఇద్దరు ఆఫీసర్లు ఒకరినొకరు మనుషులుగా గుర్తించుకుంటే సరిపోతుందా? ఆ హద్దు బరువు మోసినవాళ్ల గొంతు వినబడాలి. ఆ సినిమా ఇంకా రావాలి.