పల్నాటి వంటింట్లో ఈస్టర్ రంగులు

పల్నాటి పల్లెల్లో ఈస్టర్ అంటే ముందు గుర్తొచ్చేది సమాధుల తోట. పండక్కి ముందే పిచ్చిచెట్లు కొట్టేసి, సమాధులకు సున్నం వేస్తారు. శనివారం సాయంత్రానికి పూలు, కొవ్వొత్తుల కట్టలు ఇంటికి చేరతాయి. ఆదివారం తెల్లవారకముందే తోటలో దీపాలు వెలుగుతాయి, పాటలు మొదలవుతాయి. సూర్యోదయ ఆరాధన ముగించుకుని ఇంటికొస్తే కోడికూర. ఈ వరుసలో రంగు గుడ్డుకు పాతకాలం నుంచి చోటు లేదు. కాన్వెంటు బడిలో పిల్లలు చేసిన బొమ్మగానో, పట్నం బేకరీలో చాక్లెట్‌గానో అది ఈమధ్య కనబడుతోంది.

ఒకరకంగా ఇది వింతే. జర్మనీలో పుట్టి అమెరికా వెళ్లి స్థిరపడిన లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చాడు. 1847లో రెండోసారి వచ్చాక గురజాల ప్రాంతంలో ఏళ్ల తరబడి పనిచేశాడు. ఈస్టర్ గుడ్లను, వాటిని తెచ్చిపెట్టే కుందేలు కథను అమెరికాకు పరిచయం చేసింది పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్లే. అలాంటి చోటునుంచి మిషనరీలు వచ్చినా పల్నాట గుడి నిలిచింది, బడి నిలిచింది, గుడ్డు మాత్రం నిలవలేదు. కోడిపందెం పేరు చెప్పి యుద్ధమే చేసిన సీమలో కోడిగుడ్డుకు ఇంత చిన్నచూపేమిటో!

యూరప్‌లో ఈ ఆచారం పుట్టడానికి భక్తి ఎంత కారణమో వంటిల్లూ అంతే కారణం. మధ్యయుగాల్లో శ్రమల కాలం నలభై రోజులూ మాంసంతోపాటు గుడ్డు కూడా నిషిద్ధం. మనుషులు ఉపవాసముంటారు గానీ కోళ్లు ఉండవు కదా. పండగనాటికి గుడ్లు కుప్పలుపడేవి. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ 1290 ఈస్టర్‌కు 450 గుడ్లు కొనిపించి, కొన్నిటికి బంగారు రేకు అద్దించి, కొన్నిటికి రంగులు వేయించి పంచిపెట్టిన లెక్క రాజుగారి ఖర్చుల పద్దులో ఉంది. మొత్తం ఖర్చు 18 పెన్నీలు. గ్రీకు క్రైస్తవులు నేటికీ పండగ ముందటి గురువారం గుడ్లకు ఎర్రరంగు వేస్తారు. ఎరుపు క్రీస్తు రక్తానికి గుర్తు. మూసిన పెంకు సమాధికి, అది పగలడం పునరుత్థానానికి గుర్తు. తెల్లవారుజామున సమాధుల మధ్య నిలబడి ఆ పండగ చేసుకునే పల్నాటి క్రైస్తవులకు ఈ అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

ఇక పని సంగతి. గుడ్డు పెంకులో నూటికి 95 వంతులు కాల్షియం కార్బొనేటు. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చే సున్నపురాయిలో ఉన్నదీ ప్రధానంగా అదే. దానిమీద పులుపు పడితే బుడగలొస్తాయి. రంగునీళ్లలో రెండు చెంచాల వెనిగర్ కలపడంలో కిటుకు ఇదే: పెంకు పైపొర కాస్త గరుకై రంగు పట్టుకుంటుంది. వెనిగర్ ఎక్కువైతే పెంకే కరగడం మొదలవుతుంది, రంగు పెచ్చులుగా లేచిపోతుంది. కోళ్లఫారం తెల్లగుడ్ల మీద లేత రంగులు బాగా తేలతాయి. నాటుకోడి గుడ్డుకు సొంత ఛాయ ఉంటుంది కాబట్టి దానికి ముదురు రంగులే నప్పుతాయి.

అన్నిటికంటే నమ్మకమైన రంగు ఉల్లి తొక్కలది. పది పదిహేను ఉల్లిపాయల పొట్టును లీటరు నీళ్లలో అరగంట మరిగిస్తే ఇటుకరంగు కషాయం దిగుతుంది. వడకట్టి, వెనిగర్ కలిపి, ఉడికిన గుడ్లను అందులో వదిలేయడమే. పావుగంటకు నారింజ రంగు, కొన్ని గంటలకు ముదురు గోధుమ ఎరుపు వస్తాయి. ఖర్చు సున్నా.

ఈ రంగుతోనే అసలైన అందం ఆకు అచ్చులో ఉంది. తూర్పు యూరప్ పల్లెల్లో బాగా వాడుకలో ఉన్న పద్ధతిది. పచ్చిగుడ్డును తడిపి, దానిమీద ఒక కొత్తిమీర రెమ్మను పరచాలి. ఆకు అంచులు ఎక్కడా లేవకుండా వేలితో అద్దాలి. పాత పలచటి సాక్సు ముక్కనో నూలుగుడ్డనో దానిమీద బిగుతుగా లాగి, వెనక వైపు దారంతో ముడివేయాలి. బిగువు చాలకపోతే రంగునీళ్లు ఆకు కిందికి చొరబడి అచ్చు మసకబారుతుంది. ఆ మూటను ఉల్లి కషాయంలోనే పన్నెండు నిమిషాలు ఉడికించి, చల్లారాక విప్పితే ఎర్రటి గుడ్డు మీద కొత్తిమీర ఈనెలతో సహా తెల్లగా నిలుస్తుంది. చింతాకు, మునగాకు కూడా పనికొస్తాయి. కరివేపాకు మందం, గుండ్రటి పెంకు మీద సరిగా అతుక్కోదు.

పసుపుకు శ్రమే లేదు. రెండు చెంచాల పసుపు మరిగించి గుడ్లు నానబెడితే చేమంతి రంగు వస్తుంది. అది ఆరాక తమలపాకుల్లో వాడే సున్నం తేటలో అగ్గిపుల్లకు చుట్టిన దూది ముంచి చుక్కలు పెడితే, పసుపు మీద ఎర్రటి ముగ్గు లేస్తుంది. పారాణి కలిపే ఇళ్లలో ఇది తెలిసిన విద్యే: పసుపులోని కుర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. ఆ ఎరుపు కాలం గడిచేకొద్దీ వెలిసిపోతుంది కనుక పండగ పొద్దున పెట్టుకోవడమే మేలు. సున్నం పెట్టిన గుడ్లను అలంకారానికే ఉంచాలి.

నీలానికి ఎర్ర క్యాబేజీ కావాలి. దాని ఊదారంగు నీళ్లలో రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచిన తెల్లగుడ్డు పొద్దుటికి ఆకాశనీలమై బయటికొస్తే పిల్లలు ఒకంతట నమ్మరు. పెంకులోని క్షారగుణం చేసే మాయ అది. కంచెమీద పూసే నీలి శంఖుపూలతోనూ నీలం వస్తుంది. పులుపు ఎక్కువైతే ఊదాకు తిరుగుతుంది. బీట్‌రూట్ మీద మాత్రం పెద్దగా ఆశపెట్టుకోవద్దు. గిన్నెలో కనిపించిన ముదురు గులాబీ, పెంకు మీద ఆరేసరికి పాలిపోతుంది. ఇక పల్నాటివాళ్లకు ముందుగా తట్టేది మిరపకాయ. కానీ ఎంత ఎర్రటి మిరపైనా ఇక్కడ దండగే. దాని ఎరుపు నూనెలో దిగుతుంది, నీళ్లలో దిగదు. గుడ్డుకు అంటేది ఘాటే.

సమాధుల తోటకని కొన్న కొవ్వొత్తుల్లో ఒకటి మిగిలినా చాలు, ఇంకో పద్ధతి చేతికొచ్చినట్టే. గోరువెచ్చని గుడ్డు మీద కొవ్వొత్తి మొనతో సిలువో, పాప పేరో రాసి, చల్లారిన రంగులో ముంచాలి. మైనం ఉన్నచోట రంగు ఎక్కదు. రంగు వేడిగా ఉంటే మైనం కరిగి మొత్తం చెడుతుంది. ఉక్రెయిన్ వాళ్లు ఇదే సూత్రంతో, సన్నటి గరాటు ఉన్న కలంలో కరిగిన తేనెమైనం పోసి గీస్తారు. ఒక్కో రంగుకు ఒక్కో మైనపు పూత వేస్తూ, చివరికి దీపం సెగకు మైనమంతా తుడిచేస్తారు. 'పీసాంకా' అనే ఆ కళకు 2024లో యునెస్కో గుర్తింపు వచ్చింది. తెలుగు తీరంలో కలంకారీ పనివాళ్లూ పూర్వం నీలిమందు తొట్టెలో ముంచేముందు గుడ్డకు మైనం పూసేవారు కాబట్టి ఈ తర్కం మనకు పరాయిది కాదు.

మరీ చిన్న పిల్లలుంటే మూత ఉన్న డబ్బాలో గుప్పెడు బియ్యం, నాలుగు చుక్కల ఫుడ్ కలర్ వేసి, ఉడికిన గుడ్డు పెట్టి ఊపమనాలి. అరనిమిషంలో చుక్కల గుడ్డు తయారు. వాడే రంగు తినేదేనని సీసా మీద చూసుకోవాలి. బట్టల రంగులు, హోలీ రంగులు తినే గుడ్డు దగ్గరికి రాకూడదు.

ఒక్క జాగ్రత్త మాత్రం ఈ ప్రాంతానికి తప్పదు. ఈస్టర్ మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య వస్తుంది. అప్పటికే రెంటచింతల ఎండలు ముదురుతుంటాయి. ఉడికిన గుడ్డు బయట రెండు గంటలకు మించి ఉండకూడదు; 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటే గడువు. కాబట్టి పశ్చిమదేశాల్లోలా తోటలో గుడ్లు దాచి వెతికించే ఆట ఇక్కడ ఆరాధన నుంచి రాగానే, ఎండెక్కకముందే ముగియాలి. పెంకు పగిలినవాటిని, ఎక్కువసేపు బయట ఉండిపోయినవాటిని తినకండి. మిగిలినవాటిని ఫ్రిజ్‌లో పెడితే వారం ఉంటాయి. పెంకు వలిచి చింతపండు పులుసులో వేసుకోండి. ఉల్లి తొక్కలను మాత్రం మట్టల ఆదివారం నుంచే దాచిపెట్టుకోండి.