నల్గొండను మూడు ముక్కలు చేసే పైథాన్

పైథాన్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల మాడ్యూల్ తెరిచి, పదాలను ఏరే ‘బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ ప్లస్’ గుర్తుకు ‘నల్గొండ’ అనే మాట ఇచ్చి చూడండి. ‘నల’, ‘గ’, ‘డ’ అని మూడు ముక్కలు చేతికొస్తాయి. పొల్లు, ఒత్వం, సున్నా గల్లంతు. పాలమూరు గతీ అంతే: ‘ప’, ‘లమ’, ‘ర’.

కారణం చిన్నదే. యూనికోడ్ లెక్కలో మన గుణింతపు గుర్తులు అక్షరాలు కావు, అక్షరాన్ని అంటిపెట్టుకునే చిహ్నాలు. ‘బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ’ గుర్తేమో అక్షరాలను, అంకెలను, అండర్‌స్కోర్‌ను మాత్రమే పదంలో భాగంగా ఒప్పుకుంటుంది. విచిత్రమేమంటే 2008లో వచ్చిన పైథాన్ 3.0 నుంచీ ‘నల్గొండ’ అని వేరియబుల్‌కు పేరు పెట్టుకోవచ్చు. పేరుగా పనికొచ్చిన మాట పదంగా పనికిరాలేదు!

పెర్ల్ పండితుడు టామ్ క్రిస్టియన్సెన్ ఈ లోపం మీద 2011లోనే పైథాన్ వాళ్ల దగ్గర ఫిర్యాదు టికెట్ తెరిచారు. పైథాన్ 3.13 వెర్షన్‌లోనూ ఫలితం మారలేదు. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు సంయుక్తాక్షరం ఐఫోన్లను కుప్పకూలిస్తే ఆపిల్ ఆ నెలలోనే సరిచేసింది. చప్పుడు చేసే తప్పుకున్న అదృష్టం, చప్పుడు లేకుండా మాట విరిచే తప్పుకు ఉండదు.

అయితే నిర్లక్ష్యం అని కొట్టిపారేయలేం. చెరువు తూము ఎత్తు మారిస్తే కింద ఆయకట్టంతటా నీళ్ల లెక్క మారుతుంది. ఈ గుర్తు అర్థం మారినా అంతే, దాన్ని నమ్ముకున్న పాత ప్రోగ్రాముల ఫలితాలు మారిపోవచ్చు. అందుకే పైథాన్ మరమ్మతుకు ఒక కట్టుబాటు ఉంది. ముందు తప్పును బయటపెట్టే పరీక్ష రాయాలి, అది ఫెయిలవ్వాలి. తర్వాత ఆ తప్పుకు సరిపడా మార్పే చేయాలి. పక్క లైను వికారంగా కనిపించినా దాని జోలికి పోకూడదు. కొత్తవాళ్లకు అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదే. వాడేవాళ్లకు తెలియాల్సిన మార్పయితే ఏం మారిందో రెండు ముక్కల్లో వార్తల ఫైలులో రాయాలి. మామూలుగా ఇంకొకరు చదివి ఒప్పుకున్నాకే అది ప్రధాన శాఖలో కలుస్తుంది. తప్పుల దిద్దుబాటును అవసరమైతే నిర్వహణలో ఉన్న పాత వెర్షన్లకూ చేరుస్తారు. కొత్త సదుపాయం మాత్రం ఏటా అక్టోబరులో వచ్చే తర్వాతి వెర్షన్ దాకా ఆగాల్సిందే.

నాకు ఇంకా నచ్చింది డాక్యుమెంటేషన్ దిద్దుబాటు. ఏ భాషలోనైనా పదంలో భాగం కాగల అక్షరాల్లో చాలావాటిని ఈ గుర్తు పట్టుకుంటుందని పాత మాన్యువల్ చెప్పేది. తర్వాత ఆ వాక్యం తీసేసి, అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోర్ మాత్రమే అని తేల్చి రాశారు. దీనివల్ల తెలుగు మాట అతుక్కోలేదు, నిజమే. కానీ మాన్యువల్‌ను నమ్మి గంటల తరబడి తన ప్రోగ్రాములోనే తప్పు వెతుక్కునే విద్యార్థికి ఆ బాధ తప్పింది. కోడ్ మార్చలేనప్పుడు కనీసం మాట నిజం చేయడం తక్కువ పనేం కాదు.

తక్షణం పని కావాలంటే మాథ్యూ బార్నెట్ రాసిన ‘రీజెక్స్’ మాడ్యూల్‌ను పిప్‌తో దించుకోండి. అదే గుర్తుతో నల్గొండ ఒకే మాటగా వస్తుంది. నల్గొండలో 2023 నుంచి ఐటీ టవర్ ఉంది, మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది. అక్కడి పిల్లలకు నాదొక విన్నపం: మీ ఊరి పేరుతో ఒక పరీక్ష రాయండి. కొత్త టికెట్ తెరవకండి, 2011 నాటి దాన్ని ముందు మొత్తం చదవండి.